సిమ్ పారేస్తే అకౌంట్ పోదు, మీకు తెలుసా?

ఇటిక్యాల, మానవపాడు, అలంపూర్ వైపు వాళ్లు తమ పాత ఆన్‌లైన్ అకౌంట్ ఏదైనా ఒకటి తెరిచి, చిరునామా దగ్గర ఏముందో చూడాలి. జిల్లా మహబూబ్‌నగర్, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటే ఆ అకౌంట్‌కు పదేళ్లు దాటినట్టే. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న, దసరా నాడు, జోగులాంబ గద్వాల జిల్లా వచ్చింది. బండి నంబర్లో ఏపీ 22 పోయి టీఎస్ 33 అయింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. కావలసిన కాగితాల్లో జిల్లా పేరు ఒక్కొక్కటిగా మార్పించుకున్నాం. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన అకౌంట్‌లో మాత్రం పాత జిల్లా, పాత పాస్‌వర్డ్, పాత ఫోన్ నంబర్ అలాగే ఉన్నాయి. జిల్లా పేరు పాతదైతే వచ్చే నష్టం ఏమీ లేదు. మిగతా రెండూ పాతవైతే ఉంది.

పదేళ్ల కిందటి మీ నంబర్ ఇవాళ ఎవరి ఫోన్‌లో ఉంది?

ఎయిర్‌సెల్, యూనినార్, టాటా డొకోమో సిమ్‌లు చౌరస్తాల్లో గొడుగు కింద బల్ల వేసి అమ్మిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. యూనినార్ పేరు మార్చుకుని టెలినార్ అయి, 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. ఎయిర్‌సెల్ అదే ఏడాది మూతపడింది. అంతకు ముందే, 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాక, ఇంటింటికీ కొత్త సిమ్‌లు చేరాయి. పాతవి రీఛార్జ్ లేక బంద్ అయ్యాయి. బంద్ అయిన నంబర్ గురించి మళ్లీ ఎవరూ ఆలోచించలేదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం, వరుసగా 90 రోజులు అసలు వాడకపోతేనే ప్రీపెయిడ్ నంబర్‌ను కంపెనీ ఆపేయవచ్చు. బ్యాలెన్స్ 20 రూపాయలో అంతకన్నా ఎక్కువో ఉంటే ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. ఆపేశాక కనీసం 90 రోజులు ఆగి, అదే నంబర్‌ను కొత్తవాళ్లకు ఇవ్వవచ్చు. నంబర్లకు అంతు ఉంది కాబట్టి ఇలా తిప్పి ఇవ్వడం తప్పనిసరి. చిక్కల్లా ఆ తర్వాతే. కొత్త మనిషి ఆ సిమ్ వేసుకుని ఏ యాప్‌లోనో తన నంబర్ కొడతాడు. ఓటీపీ అతని ఫోన్‌కే వస్తుంది. అతను ఏ మోసమూ చేయలేదు, తన నంబర్ తాను కొట్టుకున్నాడు, అంతే. తెరుచుకునేది మాత్రం మీ అకౌంట్.

మన ఊళ్లలో ఇది మరీ పెద్ద విషయం, ఎందుకంటే ఇక్కడ మెయిల్ ఐడీ గుర్తున్నవాళ్లు తక్కువ, అకౌంట్ అంటే ఫోన్ నంబరే. గ్యాస్ బుకింగ్‌కు అదే, పీఎం కిసాన్ ఈ-కేవైసీకి ఆధార్‌తో కలిపిన నంబరే, 2025 సీజన్‌లో భారత పత్తి సంస్థ సీసీఐ తెచ్చిన కపాస్ కిసాన్ యాప్‌లో పత్తి అమ్మే స్లాట్ తీసుకోవాలన్నా నంబరే. ఆ నంబర్ చేజారితే రైతు చేతిలోంచి పోయేది ఒక్క అకౌంట్ కాదు.

ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బంద్ అయిన నంబర్లను మళ్లీ వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపాలని ఒక న్యాయవాది పిటిషన్ వేస్తే, 2023లో కోర్టు దాన్ని ముగించింది. విన్న ఇద్దరు న్యాయమూర్తులు జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి. భట్టిగారు మన మదనపల్లెవారు. కోర్టు చెప్పినదాని సారం ఇది: నంబర్ వదులుకునే మనిషే తన వాట్సాప్ అకౌంట్ తీసేసి, తన సమాచారం చెరుపుకుని మరీ వదులుకోవాలి, అది పాత చందాదారు బాధ్యత. వాట్సాప్ తన వంతుగా ఒక జాగ్రత్త పెట్టుకుంది. 45 రోజులు వాడకుండా ఉన్న అకౌంట్ నంబర్‌ను ఎవరైనా కొత్త ఫోన్‌లో మొదలుపెడితే, పాత మనిషి ఫొటో, వివరాలు తీసేస్తుంది. కానీ అన్ని యాప్‌లూ ఇంత జాగ్రత్త పడతాయని అనుకోవద్దు.

డబ్బు సంగతిలో మాత్రం ఈమధ్య కొంత నయం. ఏడాదిపాటు ఒక్క లావాదేవీ కూడా లేని యూపీఐ ఐడీలను గుర్తించి ఆపేయాలని 2023 నవంబర్‌లో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది. టెలికాం శాఖ దగ్గర రద్దయిన నంబర్ల జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని చూసుకుని వారానికి ఒక్కసారైనా తమ రికార్డులు సరిచేసుకోవాలని బ్యాంకులకు, యూపీఐ యాప్‌లకు 2025 ఏప్రిల్ 1 నుంచి నియమం పెట్టారు. అయినా సిమ్ వదిలేసే ముందు బ్యాంకుకు వెళ్లి నంబర్ మార్పించుకోవడం మన పనే. గద్వాలకు ఒక పూట ప్రయాణం, ఒక ఫారం.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపే సర్కారు పోర్టల్ మొదలైంది మన రెండు రాష్ట్రాల్లోనే. 2021 ఏప్రిల్‌లో టాఫ్‌కాప్ అనే పేరుతో టెలికాం శాఖ దాన్ని మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చందాదారులకే తెచ్చింది. తర్వాత దేశమంతటికీ పాకింది. 2023 మే 16న వచ్చిన సంచార్ సాథీ పోర్టల్‌లో ఇప్పుడది ఒక భాగం. అందులో మీ నంబర్ కొట్టి, ఓటీపీ ఇస్తే, మీ పేరు మీద ఉన్న నంబర్లన్నీ వరుసగా వస్తాయి, కొన్ని అంకెలు దాచి. ఒక్కొక్క నంబర్ పక్కన మూడు దారులు ఉంటాయి: ఇది నాది కాదు, ఇది నాదే కానీ ఇక అక్కర్లేదు, ఇది కావాలి. మొదటి రెండింట్లో ఏది నొక్కినా కంపెనీకి కబురు వెళ్తుంది. మనిషికి తొమ్మిది సిమ్‌ల దాకానే అనుమతి ఉంది. జమ్మూకశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో ఆరే.

మీది కాని నంబర్ మీ పేరు మీద ఎలా వస్తుందని అనుమానం రావచ్చు. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారానికి చెందిన ఒక సిమ్‌ల డీలర్‌ను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రలను ఆన్‌లైన్‌లో దించుకుని, రబ్బరు ముద్రలు చేయించి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. కంపెనీ ఇచ్చిన టార్గెట్ కోసం చేశాడని తేలింది. పొలం అమ్ముకున్న రైతు వేలిముద్ర అతని ప్రమేయమే లేకుండా సిమ్ కార్డుగా మారిందన్నమాట. అందుకే నా మాట వింటే, పాత అకౌంట్ల శుభ్రం పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టవద్దు. సిమ్‌తో మొదలుపెట్టండి. ఎంఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం ఉంది, అదీ ఆ రోజే వేసేయండి. బయోమెట్రిక్ అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు.

యాప్ తీసేస్తే అకౌంట్ పోయినట్టు కాదు. ఇది నమ్మనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. యాప్ మీ ఫోన్‌లో ఉంటుంది. అకౌంట్ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో పాటు మొత్తం 59 యాప్‌లను కేంద్రం నిషేధించినప్పుడు, పొలంగట్టు మీద డ్యాన్సులు, డైలాగులు చేసిన మన పల్లెల పిల్లల ఫోన్లలోంచి ఆ యాప్ మాయమైంది. వాళ్లు పెట్టిన వీడియోలు, ఇచ్చిన నంబర్లు యాప్‌తో పాటు వాటంతట అవి చెరిగిపోలేదు. గూగుల్ పాత సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ సంగతి వేరు. 2004 జనవరిలో మొదలై 2014 సెప్టెంబర్ 30న మూతపడేటప్పుడు, ఫొటోలు, స్క్రాప్‌లు దించుకోవడానికి గూగుల్ రెండేళ్ల గడువు ఇచ్చింది. అంత పద్ధతిగా సెలవు తీసుకునే కంపెనీలు తక్కువ.

అకౌంట్ తెరిచే వీలు ఇచ్చిన యాప్, దాన్ని మూసే వీలు కూడా యాప్‌లోనే ఇవ్వాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి కట్టడి చేసింది. గూగుల్ కూడా అలాంటి నియమమే 2023 ఏప్రిల్‌లో ప్రకటించింది, యాప్ తీసేసినవాళ్లు వెబ్‌సైట్ నుంచైనా అకౌంట్ మూసుకునేలా ఉండాలంది. ప్లే స్టోర్‌లో ఏ యాప్ పేజీకి వెళ్లినా డేటా సేఫ్టీ అనే చోట ఆ వివరం ఉంటుంది.

ఒక్క మరిచిపోయిన అకౌంట్ ఒక దేశంలో పెట్రోల్ బంకులను ఎండబెట్టింది. 2021 మే 7న అమెరికా తూర్పు తీరానికి పెట్రోల్, డీజిల్ చేర్చే కొలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది. బంకుల ముందు బారులు తీరారు. హ్యాకర్లు లోపలికి వచ్చిన దారి, కంపెనీలో ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్, అంటే బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే లాగిన్. దాని పాస్‌వర్డ్ అప్పటికే లీకైన పాస్‌వర్డ్‌ల మూటలో ఉంది. ఓటీపీ లాంటి రెండో కాపలా దానికి లేదు. వాడటం మానేశారు కానీ మూయలేదు. కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 44 లక్షల డాలర్లు చెల్లించింది.

ఫేస్‌బుక్ పెట్టిన మార్క్ జుకర్‌బర్గ్‌కూ ఇదే జరిగింది. 2012 నుంచి ఆయన ముట్టని ట్విటర్ అకౌంట్‌ను, పింటరెస్ట్ అకౌంట్‌ను 2016 జూన్‌లో హ్యాకర్లు లాక్కున్నారు. 2012లో లింక్డిన్ నుంచి దొంగిలించిన పాస్‌వర్డ్‌లు 2016 మేలో 11.7 కోట్ల అకౌంట్లవి అమ్మకానికి వచ్చాయి. ఆయన పాస్‌వర్డ్ ఆ మూటలోనే దొరికిందని హ్యాకర్లు చెప్పుకున్నారు. దొంగ పని ఎంత సులువో చూడండి. ఒక చోట దొరికిన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ జతను వంద చోట్ల కొట్టి చూసే పని కంప్యూటర్‌కే అప్పగిస్తాడు. రెండు చోట్ల ఒకే పాస్‌వర్డ్ పెట్టినవాళ్ల కోసమే ఆ వెతుకులాట.

మన దగ్గర 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం బయటికి పొక్కింది. ఇరవై ఏళ్ల విద్యార్థి ఒకడిని అరెస్టు చేశారు. బలహీనమైన పాస్‌వర్డో, ఎక్కడో బయటపడ్డ పాస్‌వర్డో కారణమై ఉంటుందని అప్పటి డీజీపీ చెప్పారు. దానికి ఏడాది ముందు, 2023 మార్చిలో, టీఎస్‌పీఎస్సీ పేపర్ లీకేజీ. కాన్ఫిడెన్షియల్ విభాగం కంప్యూటర్‌లోకి ఒక అధికారి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్‌తో చొరబడ్డారని దర్యాప్తులో తేలింది. 2.8 లక్షల మందికి పైగా రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. మన నడిగడ్డ నుంచి హైదరాబాద్‌కు వెళ్లి, అశోక్‌నగర్ గదుల్లో చదివిన పిల్లల కష్టం ఒక పాస్‌వర్డ్ దగ్గర ఆవిరైపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నెట్ సెంటర్ కంప్యూటర్ మిమ్మల్ని ఎంతకాలం గుర్తుపెట్టుకుంటుంది? ఎవరైనా చెరిపేదాకా.

దోస్త్‌లో డిగ్రీ సీటుకు, ఎంసెట్‌కు, టీఎస్‌పీఎస్సీ వన్‌టైమ్ రిజిస్ట్రేషన్‌కు, పాన్ కార్డుకు మన పిల్లలు ఎక్కిన మెట్లు నెట్ సెంటర్ మెట్లే. అలాంటి చోట లాగిన్ పేజీ తెరిచి, మెయిల్ ఐడీ గడిలో కర్సర్ పెట్టి ఒక్క అక్షరం కొట్టండి. గడి కింద ఒక జాబితా దిగుతుంది. పేరు, దాని పక్కన పుట్టిన సంవత్సరం, జీమెయిల్. ఇంకో పేరు, ఫోన్ నంబర్‌లోని చివరి నాలుగంకెలు, జీమెయిల్. ఏడాది క్రితం వచ్చినవాళ్లవి కూడా. వాటిలో ఒకటి నొక్కగానే కింది గడిలో నల్లచుక్కలు వాటంతట అవే నిండుతాయి. ‘పాస్‌వర్డ్ సేవ్ చేయాలా’ అని బ్రౌజర్ అడిగినప్పుడు, సర్వర్ డౌన్ అయ్యేలోపు ఫారం పంపాలన్న ఆత్రంలో ఎవరో ‘ఎస్’ నొక్కి ఉంటారు. సెంటర్ నడిపేవాళ్లకు దురుద్దేశం ఏమీ ఉండదు. రోజుకు అన్ని దరఖాస్తులు నింపే మనిషికి అది చెరిపే తీరిక ఉండదు.

మీరు ఆ సెంటర్‌కు మళ్లీ వెళ్లకుండానే ఆ కంప్యూటర్‌లోంచి మీ జీమెయిల్‌ను బయటికి తేవచ్చు. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో ‘యువర్ డివైసెస్’ అనే చోటికి వెళ్తే, మీరు ఏయే ఫోన్లలో, ఏయే కంప్యూటర్లలో లాగిన్ అయి ఉన్నారో వరుసగా కనిపిస్తుంది. మీది కానిదాన్ని నొక్కి సైన్ అవుట్ చేసి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. పాస్‌వర్డ్ మారితే ఆ కంప్యూటర్‌లో సేవ్ అయింది ఎందుకూ పనికిరాదు.

ఇంకో చిక్కు దీనికన్నా లోతైనది. మెయిల్ లేని పెద్దవాళ్లకు ఫారంలో సెంటర్ వాళ్ల మెయిల్, ఒక్కోసారి వాళ్ల నంబర్ కూడా వేసేస్తారు, పని త్వరగా కావాలని. అప్పుడు ఆ అకౌంట్ తాళం మీ చేతిలో లేదు. పాన్, పీఎఫ్ యూఏఎన్, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ లాంటివి ఒకసారి తెరిచి, అక్కడ ఎవరి నంబర్, ఎవరి మెయిల్ ఉన్నాయో చూసుకోవాలి. ఇవి వాడకపోయినా మూసేవి కావు. నంబర్, మెయిల్ సరిచేసి ఉంచుకునేవి.

పాస్‌వర్డ్ చెరిపితే అకౌంట్ మూసినట్టు అనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. శుభ్రం చేద్దామని కూర్చున్నవాళ్లు ముందుగా చేసేది సేవ్ అయిన పాస్‌వర్డ్‌లన్నీ తుడిచేయడం. అలా చేయవద్దు. ఆ జాబితా మీరు ఎక్కడెక్కడ అకౌంట్లు తెరిచారో చెప్పే ఒకే ఒక రికార్డు. అది పోతే, అకౌంట్లు అక్కడే ఉంటాయి, అవి ఉన్నాయన్న సంగతి మీకు గుర్తుండదు.

క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటుంది. తెరవగానే సైట్ల పేర్లు వస్తాయి. ఎప్పుడో ఒక్క చీర కొన్న సైట్. ఇంటర్ ఫలితాలు చూపిస్తానని మెయిల్ ఐడీ అడిగిన సైట్. క్రికెట్ టీమ్ కట్టిన యాప్. పెళ్లి సంబంధాల సైట్ ఒకటి, పెళ్లయి పిల్లలు బడికి పోతున్నా మీ ఫొటో, జీతం, గోత్రం ఇంకా అక్కడే. అదే పేజీలో ‘చెకప్’ నొక్కితే గూగుల్ వాటిని మూడుగా విడదీస్తుంది: ఎక్కడో లీకైనవి, రెండుమూడు చోట్ల ఒకటే పెట్టినవి, బలహీనమైనవి. లీకైనవాటి నుంచి మొదలుపెట్టండి. ఇక అక్కర్లేని సైట్ అయితే లోపలికి వెళ్లి, చిరునామా, బ్యాంకు కార్డు వివరాలు తీసి, అకౌంట్ డిలీట్ చేసి, ఆ తర్వాతే మేనేజర్‌లోంచి పాస్‌వర్డ్ చెరపాలి. కావలసిన సైట్ అయితే కొత్త పాస్‌వర్డ్.

జాబితాలో లేనివి కూడా ఉంటాయి. ‘సైన్ ఇన్ విత్ గూగుల్’ నొక్కి చేరినవాటికి పాస్‌వర్డే ఉండదు. అవి గూగుల్ అకౌంట్‌లో థర్డ్ పార్టీ యాప్‌లు అనే చోట కనిపిస్తాయి. ఇంకా మిగిలినవాటికి ఇన్‌బాక్స్‌లో ‘వెల్‌కమ్’, ‘వెరిఫై’ అన్న మాటలు వెతకండి. పదేళ్ల కిందటి మెయిళ్లు లేచి వస్తాయి.

మీ మెయిల్ ఐడీ ఏ దొంగతనంలో పోయిందో చూపే సైట్ ఒకటుంది. పేరు హ్యావ్ ఐ బీన్ పోన్డ్. 2013 చివర్లో, అడోబీ నుంచి 15 కోట్లకు పైగా అకౌంట్ల వివరాలు పోయిన తర్వాత, ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా మనిషి దాన్ని పెట్టాడు. పైసా అడగదు, పాస్‌వర్డ్ అడగదు. అదే ఏడాది యాహూ నుంచి జరిగిన దొంగతనం ఇంకా పెద్దది. మొదట 100 కోట్ల అకౌంట్లు అన్నారు. 2017 అక్టోబర్‌కు లెక్క 300 కోట్లకు చేరింది, అంటే అప్పట్లో ఉన్న యాహూ అకౌంట్లన్నీ. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో యాహూ మెసెంజర్ కోసం ఐడీ తెరిచినవాళ్లందరూ అందులో ఉన్నారు. ఆనాటి పాస్‌వర్డ్‌నే ఇవాళ బ్యాంకుకో, ఆఫీసుకో వాడుతుంటే ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే మార్చండి.

‘మీ అమ్మ పుట్టింటివారి పేరు ఏమిటి?’ పాత అకౌంట్లు పాస్‌వర్డ్ మర్చిపోతే ఈ ప్రశ్న అడుగుతాయి. మీ మొదటి బడి ఏది, మీరు పుట్టిన ఊరు ఏది అనీ అడుగుతాయి. ఊళ్లో ఈ జవాబులు తెలియనివారు ఎవరు? 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌ను ఒక కాలేజీ కుర్రాడు ఇలాగే తెరిచాడు. ఆమె పుట్టిన తేదీ, పిన్‌కోడ్, భర్తను ఎక్కడ కలిశారన్న ప్రశ్నకు జవాబు, మూడూ ఇంటర్నెట్‌లోనే దొరికాయి. ఇలాంటి ప్రశ్నకు నిజమైన జవాబే ఇవ్వాలన్న నియమం ఏమీ లేదు. మీకు మాత్రమే తెలిసిన ఏ మాటైనా పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

కాగితం మీద రాయడం తప్పు కదా అంటారు. బ్యాంకు పాస్‌బుక్ అట్ట లోపల, ఫోన్ కవర్ వెనక రాస్తే తప్పే. ఇంట్లో, తాళం వేసిన బీరువాలో ఉన్న నోట్‌బుక్‌ను విదేశంలో కూర్చున్న హ్యాకర్ చదవలేడు. అన్ని చోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కన్నా ఇది ఎంతో మేలు.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న మాట కూడా ఇప్పుడు లేదు. అమెరికాలోని నిస్ట్ అనే ప్రమాణాల సంస్థ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లోంచి పుట్టిన అలవాటు అది. వాటిని రాసిన బిల్ బర్ 2017లో, తాను రాసినవాటిలో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని చెప్పారు. అదే ఏడాది నిస్ట్ కొత్త మాట చెప్పింది: లీకైందని తెలిస్తే మార్చాలి, ఊరికే మార్చనక్కర్లేదు, చిత్రమైన గుర్తుల కన్నా పొడవు ముఖ్యం. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే పొడవూ వస్తుంది, గుర్తూ ఉంటుంది. మనవాళ్లకు మొదట తోచేది మాత్రం దేవుడి పేరు, పక్కన 123. బీచుపల్లి ఆంజనేయస్వామి మీద ఎంత భక్తి ఉన్నా ఆయన పేరును పాస్‌వర్డ్ చేయకండి, నడిగడ్డలో అందరికీ తోచే పేరు అదే. 2009లో రాక్‌యూ అనే సైట్ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడితే, వాటిలో దాదాపు 2.9 లక్షలు 123456 అనే అంకెలే.

అప్పు యాప్‌లో తీరిన అప్పు కూడా అకౌంటే. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల మీద కేసులు పెట్టి అరెస్టులు చేశారు. వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల ఉసురు ఆ కేసుల వెనక ఉంది. ఆ యాప్‌ల ఆయుధం ఫోన్‌లోని కాంటాక్టులు. మేనమామకు, బడి పంతులుకు, వియ్యంకుడికి ఫోన్ చేసి పరువు తీయడమే వాళ్ల వసూలు పద్ధతి. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ రుణాలకు నియమాలు పెట్టింది. అప్పిచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోల జోలికి పోకూడదు. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకునే హక్కు, సమాచారం చెరిపేయమని అడిగే హక్కు అప్పు తీసుకున్నవారికి ఉన్నాయి. అప్పు తీరిన రోజే నో డ్యూస్ పత్రం తీసుకుని, సమాచారం చెరిపేయమని రాసి, ఆ తర్వాత యాప్ తీయాలి. యాప్ ముందు తీసేస్తే అడగడానికి దారి ఉండదు. బెదిరింపు వస్తే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాలకు పెట్టిన నంబర్.

రెండేళ్లు తెరవకపోతే జీమెయిల్ పోవచ్చు. రెండేళ్లు ముట్టని అకౌంట్లను తీసేస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించి, ఆ డిసెంబర్ నుంచి అమలు మొదలుపెట్టింది. వదిలేసిన అకౌంట్లలో రెండంచెల కాపలా పెట్టుకున్నవి వాడుకలో ఉన్నవాటి కన్నా కనీసం పది రెట్లు తక్కువని కారణం చెప్పింది. మెయిల్‌తో పాటు ఫొటోలూ పోతాయి. అక్క పెళ్లి ఫొటోలు, చనిపోయిన నాన్న గొంతు ఉన్న వీడియో పాత జీమెయిల్‌లో ఉంటే, గూగుల్ టేక్‌అవుట్ అనే సదుపాయంతో ముందు దించుకోండి, తర్వాతే మూయండి.

మనిషి పోయాక అకౌంట్ ఎవరిదన్న దానికీ జవాబు దొరికింది. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ 2013 నుంచి ఉంది. మూడు నెలల నుంచి 18 నెలల దాకా గడువు పెట్టుకోవచ్చు. ఆ గడువు దాకా మీ అలికిడి లేకపోతే మీరు చెప్పిన మనుషులకు, పది మంది దాకా, కబురు వెళ్తుంది. ఫేస్‌బుక్‌లో ఇలాగే ఒక మనిషిని పెట్టుకునే లెగసీ కాంటాక్ట్ 2015లో వచ్చింది. మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2023 ఆగస్టు 11న దొరికింది. తన తర్వాత తన సమాచారం మీద హక్కు ఎవరికి ఉండాలో చెప్పే వీలు, అంటే నామినీని పెట్టుకునే వీలు, అందులో ఉంది. అక్కర్లేని సమాచారం చెరిపేయమని అడిగే హక్కూ ఉంది.

ఆ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. రెండు కోట్లకు పైగా వాడుకరులున్న షాపింగ్, సోషల్ మీడియా సంస్థలు, 50 లక్షలకు పైగా ఉన్న గేమింగ్ సంస్థలు, మూడేళ్లు అయిపు లేని మనిషి సమాచారాన్ని చెరిపేయాలి. చెరిపే ముందు కనీసం 48 గంటలు ముందుగా చెప్పాలి. నియమాలు వచ్చిన 18 నెలలకు ఈ కట్టడి అమల్లోకి వస్తుంది. అయితే అకౌంట్‌లోకి మళ్లీ ప్రవేశించడానికి కావలసిన వివరాలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి చట్టమే వచ్చి మీ పాత అకౌంట్లన్నీ మూసేస్తుందని ఎదురుచూడవద్దు. పైగా, ఆ 48 గంటల ముందు వచ్చే కబురు వెళ్లేది అకౌంట్‌లో ఉన్న నంబర్‌కు, మెయిల్‌కు. అక్కడ ఎయిర్‌సెల్ నంబర్ ఉంటే ఆ కబురు మీకు చేరదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ డిలీట్ చేసేవాళ్లకు ఒక మాట. అక్కడ డీయాక్టివేట్, డిలీట్ అని రెండు ఉంటాయి. మొదటిది దాచడమే. రెండోది నొక్కినా 30 రోజుల గడువు ఉంటుంది. ఆ 30 రోజుల్లో మళ్లీ లాగిన్ అయితే డిలీట్‌ను వెనక్కి తీసుకోవడం ఒక్క నొక్కులో పని. డిలీట్ నొక్కిన రోజే యాప్ కూడా తీసేసి, ఆ నెల రోజులూ ఆ పేజీ వైపు పోకండి.